ఆ ఈగలన్నీ చినమావయ్యగారివేనా?

నూజివీడు వైపు ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినావిడ ఎవరో తెలిసిపోయే వివరాలు తీసేశాను, విషయం మాత్రం ఆవిడ చెప్పినట్టే.

ఆవిడకి అరవై దగ్గర పడుతున్నాయి. భర్త రిటైరయ్యాక హైదరాబాద్‌లో ఫ్లాట్ అద్దెకిచ్చేసి అత్తగారి ఊరికి వచ్చేశారు. ముప్పై సెంట్ల స్థలం, మధ్యలో పాత పెంకుటిల్లు, పెరట్లో ఒక చిన్న రసం, ఒక బంగినపల్లి, జామ చెట్టు, కాకర బీర పందిళ్ళు, నాలుగైదు కోళ్ళు, కంపోస్టుకి ఒక డ్రమ్ము. పక్క గోడకి అవతల భర్తకి వరసకి బాబాయి అయ్యే ఆయన పశువుల పాక, నాలుగు గేదెలు, గోడని ఆనుకునే పెంటకుప్ప. మే నెలలో కొడుకు, కోడలు ఇద్దరు పిల్లలతో బెంగళూరు నుంచి మూడు వారాలు ఉందామని వచ్చారు. చిన్నదానికి విరేచనాలు పట్టుకున్నాయి. "అత్తయ్యా, ఈ ఈగల మధ్య పిల్లలకి అన్నం పెట్టాలంటే నాకు భయంగా ఉంది" అని కోడలు అయిదో రోజునే సర్దుకుని వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి ఇంట్లో శాంతి లేదంటున్నారు. భర్త స్ప్రేయరు కొని, మందుల కొట్టువాడు ఇచ్చిన మందు వారం వారం చెట్లకీ, పందిళ్ళకీ, వరండా గోడలకీ కొడుతున్నారు. ఈగలు తగ్గలేదు, కాకర పిందెలు మాత్రం పసుపురంగు తిరిగి రాలిపోతున్నాయి. ఈవిడ ఒకరోజు కోపం ఆపుకోలేక గోడ మీద నుంచే "మీ పెంటకుప్ప వల్లే మా మనవలు వెళ్ళిపోయారు" అని అనేశారు. చినమావయ్యగారు ఏమీ అనలేదు గానీ చినత్తయ్యగారు మర్నాటి నుంచి పాలు పంపడం మానేశారు, ఎదురుపడితే మొహం తిప్పుకుంటున్నారు. భర్తేమో పంచాయతీలో ఫిర్యాదు ఇద్దామంటున్నారు. ఆవిడ అడిగినవి ఇవి: ఫిర్యాదు ఇవ్వాలా, ఇంకా ఘాటు మందు కొట్టాలా, చెట్లు కొట్టించి పెరడంతా సిమెంటు చేయించాలా, లేక మళ్ళీ హైదరాబాద్ పోవాలా? చివర్లో ఇంకో చిన్న ప్రశ్న కూడా ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇక నా మాట.

పంచాయతీ సంగతి కాసేపు పక్కన పెడదాం అండీ. ఏ ఈగ ఎక్కడిదో తేలకుండా ఎవరి మీదని ఫిర్యాదు చేస్తారు? మీరు చాలా ఓపిగ్గా ఏ ఈగ ఎలా ఉంది, ఎక్కడ వాలుతోంది అని రాశారు, అది నాకు చాలా పనికొచ్చింది. దాన్ని బట్టి చూస్తే మీ పెరట్లో ఆరు రకాలున్నాయి. వాటిలో చినమావయ్యగారి కుప్పలోంచి వచ్చే అవకాశం ఉన్నది ఒక్క రకమే. మూడు రకాలు మీ ఇంట్లో, మీ చెట్ల కింద పుట్టినవే. మిగతా రెండూ మీకు మేలు చేసేవి, మీవారు కొడుతున్న మందుకి ముందు పోయేదీ అలాంటివే.

మొదటిది అసలు గొడవకి కారణమైనది. వరండాలో, కంచాల మీద, పాలగిన్నె మూత మీద వాలే బూడిదరంగు ఈగ, వీపు మీద నిలువుగా నాలుగు నల్లటి చారలు. ఇది మామూలు ఇంటి ఈగ. కుట్టదు, కొరకదు, తినేదాని మీద ఉమ్మి వదిలి కరిగించుకుని పీలుస్తుంది. పెంట మీద వాలిన కాళ్ళతోనే వచ్చి అన్నం మీద వాలుతుంది కాబట్టి విరేచనాల క్రిముల్ని మోసుకొస్తుంది, ఆ విషయంలో మీ కోడలి భయం అబద్ధం కాదు. (పాప విరేచనాలకి ఈగలే కారణమని మాత్రం తేల్చి చెప్పలేం, నీళ్ళ మార్పు కావచ్చు, ప్రయాణంలో తిన్నది కావచ్చు.) ఆడ ఈగ ఒక్కో విడతకి వంద పైనే గుడ్లు పెడుతుంది, తడిగా ఉన్న పేడలో, కోడి రెట్టలో, కుళ్ళుతున్న కూరగాయల్లో. వేడి రోజుల్లో గుడ్డు ఈగ అవడానికి వారం పది రోజులు చాలు.

ఇక్కడ గమనించాల్సింది తడి. ఎండిన పేడలో దాని పురుగు బతకదు. బాగా మాగుతున్న కుప్ప లోపల వేడికీ బతకదు. కాబట్టి మే ఎండల్లో పెంటకుప్ప మొత్తం ఈగల పుట్ట అనుకోవడం సరికాదు, రోజూ కొత్తగా వేసే పేడ, గేదెల్ని కడిగిన నీళ్ళు చేరే అంచు, ఇవే అసలు చోట్లు. అలాగే మీ కోళ్ళ గూడు కింద నీళ్ళ మూకుడు ఒలికి ముద్దగా ఉంటుందని మీరే రాశారు. నాకైతే ముందు అనుమానం దాని మీదే. నాలుగు కోళ్ళ రెట్ట ఎంతలే అనుకుంటాం గానీ, తడిసిన రెట్ట ఒక తట్టెడు ఉన్నా మీ వరండాకి సరిపడా ఈగలు పుడతాయి.

తేల్చుకోవడం కష్టం కాదు. ఒక పుల్ల తీసుకుని కోళ్ళ గూడు కింద, కాలవ పక్కన, కంపోస్టు డ్రమ్ము చుట్టూ, గోడకి మీ వైపు మొదట్లో రెండు మూడు అంగుళాలు కెలికి చూడండి. తెల్లగా, ఒకవైపు సన్నగా ఒకవైపు మొద్దుగా ఉండే పురుగులు కనిపిస్తే అదే చోటు. పురుగు ఎదిగాక పక్కనున్న పొడి చోటుకి పాక్కుంటూ పోయి ముదురు గోధుమరంగు గుళికలా మారుతుంది. అందుకే గోడ మొదట్లో అలాంటి గుళికలు పోగుపడి ఉంటే అవతలి కుప్ప నుంచి వచ్చినట్టు, గూడు కింద ఉంటే మీవే.

రెండోది వంటింట్లో కోసిన మామిడి టెంకల మీద, అరటిపళ్ళ మీద ముసిరే బుల్లి ఈగలు, ఆవగింజ కంటే కాస్త పెద్దవి. వీటికి పెంటతో పనిలేదు, పులిసిన పండు వాసన చాలు. మామిడి సీజనులో చెత్తబుట్ట రోజూ సాయంత్రం ఖాళీ చేసి, సింకు జాలీ కింద జిగురు కడిగేస్తే చాలావరకు పోతాయి. వీటి కోసం మందు కొట్టడం దండగ.

మూడోది పచ్చగా మెరిసేది, పెద్దది, జుయ్యిమని చప్పుడు చేసేది. ఇది చచ్చిన వాటి మీదా, చేపల కడుపు తుక్కు, కోడి పేగుల మీదా గుడ్లు పెడుతుంది. ఆదివారం చేపలు కడిగిన తుక్కు జామ చెట్టు మొదట్లో ఎరువవుతుందని వేస్తున్నాం అని రాశారు చూశారా, అదే. ఎరువు అవుతుంది, కాదనను, కానీ అడుగు లోతు గొయ్యి తీసి మట్టి కప్పితేనే. పైపైన వేస్తే అది ఈగలకి పెట్టిన భోజనం.

నాలుగోది మీ తోటకి అసలు నష్టం చేస్తున్నది, దీని గురించి మీరు ఒక్క వాక్యమే రాసి వదిలేశారు: "జామకాయల మీద కందిరీగలాంటి ఎర్రటి ఈగలు, కాయ కోస్తే పురుగులు." అదే పండు ఈగ. గోధుమరంగు ఒళ్ళు మీద పసుపు మచ్చలు, నడుం సన్నం, పారదర్శకమైన రెక్కలు. ఆడది పక్వానికి వస్తున్న కాయలోకి సూదిలాంటి తోకతో గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది, పైన సూదిమొనంత మచ్చ, దాని చుట్టూ మెత్తబడిన వలయం తప్ప ఏమీ కనపడదు. లోపల పురుగులు గుజ్జు తిని, కాయ రాలాక బయటికి వచ్చి చెట్టు కింద మట్టిలోకి దూరి గుళికలవుతాయి. అంటే దీని జీవితంలో చాలా భాగం కాయ లోపలా మట్టి లోపలా గడుస్తుంది, మీవారు కొట్టే మందు ఆ రెండు చోట్లకీ చేరదు. మామిడి, జామ, సపోటా మీద పడే జాతులు ఒక గుంపు, కాకర, బీర, దోస, పొట్ల మీద పడే జాతి వేరు. ఈ తేడా ఎర కొనేటప్పుడు అవసరం పడుతుంది.

అయిదోది తులసికోట దగ్గర గాల్లో ఒకే చోట నిలబడి, దగ్గరికి వెళ్తే చటుక్కున పక్కకి తప్పుకుని మళ్ళీ నిలబడేది. తేనెటీగలా పసుపు నలుపు చారలుంటాయి గానీ కుట్టదు. తేనెటీగకి రెక్కలు నాలుగు, దీనికి రెండే. సిర్ఫిడ్ ఈగ అంటారు వ్యవసాయం వాళ్ళు. దీని పిల్లపురుగు బొబ్బర్ల మీదా చిక్కుడు మీదా పట్టే పేనుబంకని వందల లెక్కన తింటుంది, పెద్దది పువ్వుల మీద తిరిగి పిందె నిలబెడుతుంది. దీన్ని చంపుకుంటే ఆ తర్వాత పేనుబంక కోసం ఇంకో మందు కొనాలి.

ఆరోది మీరు కంపోస్టు డ్రమ్ములో చూసి హడలిపోయి ఫినాయిలు పోసినవి, బల్లపరుపుగా, మట్టిరంగులో, ముప్పావు అంగుళం పొడుగున్న పురుగులు. ఇవి బ్లాక్ సోల్జర్ ఈగ పిల్లలు. దీని పెద్ద ఈగ నల్లగా పొడుగ్గా కందిరీగలా ఉంటుంది, మన అన్నం మీద వాలదు, రోగాలూ మోయదు. ఈ పురుగులు బాగా పట్టిన చెత్తలో ఇంటి ఈగ నిలవడం కష్టం. ఇకనుంచి ఫినాయిలు పోయకండి. ఓ గరిటెడు తీసి కోళ్ళకి వేయండి, ఎగబడి తింటాయి.

ఇప్పుడు పండు ఈగ గురించి కాస్త ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే వచ్చే ఏడు మనవలు వచ్చేసరికి చెట్టుకి మంచి పండు మిగలాలంటే పని ఇక్కడే ఉంది. అన్నిటికంటే ముఖ్యమైనది, అన్నిటికంటే విసుగు పుట్టించేది ఒక్కటే: రాలిన కాయ ఏ రోజుకారోజు ఏరెయ్యడం. ఏరినవి డ్రమ్ములో వేయొద్దు, గోడ అవతల పారెయ్యొద్దు. రెండడుగుల లోతున పాతిపెట్టండి, లేదా నల్ల పాలిథిన్ సంచిలో మూతి బిగించి కొన్ని రోజులు ఎండలో పడెయ్యండి, లోపల పురుగు ఉడికి చస్తుంది. చెట్టు కింద మట్టి అప్పుడప్పుడు పారతో తిరగెయ్యండి, గుళికలు పైకి వచ్చి ఎండకి ఎండిపోతాయి. ఆ తిరగేసిన చోట మీ కోళ్ళని వదలండి. మందు కొట్టిన చోట వదలకూడదు కదా, అందుకే ఈ రెండు పద్ధతులూ కలిసి నడవవు, ఏదో ఒకటి ఎంచుకోవాలి.

కాయలకి తొడుగులు వేయడం ఒక మార్గం. జామకాయ నిమ్మకాయంత ఉన్నప్పుడే కాగితం సంచి తొడిగి దారం కట్టాలి, కాకర పిందెకి పువ్వు వాడిన వెంటనే న్యూస్‌పేపరు గొట్టంలా చుట్టాలి. పెద్ద తోటవాళ్ళకి కూలీ ఖర్చు ఎక్కువ, మీలాంటి ఒక చెట్టు, రెండు పందిళ్ళ వాళ్ళకి ఇంతకంటే ఖాయమైన పద్ధతి లేదు. వానకి కాగితం తడిసి చిరిగితే మళ్ళీ చుట్టాలి, ఓపిక కావాలి.

ఇంకో మార్గం ఎర బుట్టలు, అంటే వాసనతో ఈగల్ని రప్పించి పట్టేవి. మామిడికి, జామకి మిథైల్ యూజినాల్ ఎర, పందిరి కూరలకి క్యూ లూర్ ఎర. కొట్లో ఒకటి బదులు ఇంకొకటి ఇచ్చేస్తుంటారు, మామిడి ఎర తెచ్చి కాకర పందిరికి కడితే కాకర మీద పడే ఈగ ఒక్కటీ పడదు, అప్పుడు "ఇదీ దండగే" అనుకుంటాం. ఈ ఎరలకి మగ ఈగలు మాత్రమే వస్తాయి, చాలా దూరం నుంచి వస్తాయి. మీ ఊరి చుట్టూ ఉన్నది మామిడి తోటలే కాబట్టి మీ ఒక్క పెరట్లో కడితే ఊరి ఈగలన్నీ బుట్టలో పడుతున్నట్టు కనిపిస్తాయి, కాయలో పురుగు మాత్రం కొంత ఉంటూనే ఉంటుంది, ఎందుకంటే పక్క తోటలోంచి అప్పటికే జతకట్టిన ఆడవి వస్తాయి. నాలుగు ఇళ్ళవాళ్ళు కలిసి కడితే ఫలితం వేరు. తులసి ఆకులో కూడా ఈ మిథైల్ యూజినాల్ ఉంటుంది, గుప్పెడు ఆకులు నలిపి బుట్టలో వేసినా మగ ఈగలు వస్తాయి గానీ వాసన త్వరగా పోతుంది. నూజివీడులోనే మామిడి పరిశోధన స్థానం ఉంది కాబట్టి ఎర ఎక్కడ దొరుకుతుందో, చెట్టుకి ఎన్ని కట్టాలో అక్కడే అడగొచ్చు. మామిడికాయ విషయంలో ఇంకొకటి: చెట్టు మీదే పండనివ్వకుండా పక్వానికి రాగానే కోసి గడ్డిలో మాగేస్తే ఈగకి దొరికే సమయం తగ్గుతుంది.

కాకర పిందెలు పసుపు తిరిగి రాలడం గురించి. దీనికి రెండు కారణాలు ఉండొచ్చు, రెండిటికీ చికిత్స వేరు. రాలిన పిందె చీల్చి చూడండి. లోపల పురుగు ఉంటే పండు ఈగ పని. ఏమీ లేకుండా ఖాళీగా ఉంటే పుప్పొడి అందలేదని అనుకోవచ్చు, అంటే తేనెటీగలు రావడం లేదు, అంటే అది మీవారి స్ప్రేయరు పని. కాకర పువ్వు పొద్దున్నే విచ్చుకుంటుంది, తేనెటీగలు వచ్చేదీ అప్పుడే, మీవారు మందు కొట్టేదీ వాకింగ్ అయ్యాక అప్పుడే అని రాశారు. ప్రస్తుతానికి ఉదయం పూట మగ పువ్వు ఒకటి తెంపి పిందె ఉన్న పువ్వుకి తాకించి చూడండి. ఆ పిందెలు నిలబడితే కారణం తేలిపోయినట్టే.

మందు మానేయమని మీవారితో మీరు చెప్తే వింటారనుకోను. ఆయన మనవల కోసం ఏదో ఒకటి చేయాలనుకుంటున్నారు, చేతిలో స్ప్రేయరు ఉంటే చేస్తున్నట్టు అనిపిస్తుంది. అది లాగేసుకుంటే గొడవే. బదులుగా ఇంకో పని చేతికివ్వండి: ఎర బుట్టలు కట్టడం, ఎన్ని పడ్డాయో రాసుకోవడం, కోళ్ళ గూడు కింద ఒలకని నీళ్ళ డబ్బా ఏర్పాటు చేయడం. ఇంటి ఈగలు ఒకే మందుకి త్వరగా అలవాటు పడిపోతాయి, అందుకే ఘాటు పెంచినకొద్దీ పోయేది వాటిని తినే సాలీళ్ళు, గుళికల్లో గుడ్లు పెట్టి చంపే చిన్న కందిరీగలు. మొండిగా కొడతానంటే కనీసం వరండా గోడలకే పరిమితం చేయమనండి, చెట్లకీ పందిళ్ళకీ వద్దు, మనవలు ఉన్నప్పుడు అసలే వద్దు. సీసా మీద పేరు ఒకసారి చదవండి. ఒకప్పుడు పల్లెల్లో ఈగలకి తెగ వాడిన డైక్లోర్‌వాస్‌ని కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2020 చివరి నుంచి నిషేధించింది. ఆ పేరు కనిపిస్తే మూత తీయొద్దు, కాలవలో పారబోయొద్దు, పిల్లలకి అందని చోట పెట్టి వ్యవసాయ శాఖ వాళ్ళని అడగండి.

ఇక చినమావయ్యగారు. మీ ముందు మూడు దారులున్నాయి, మూడింటికీ ఖర్చుంది.

ఫిర్యాదు ఇవ్వొచ్చు. గోడని ఆనుకుని పెంట వేస్తే అడిగే హక్కు మీకుంది, పంచాయతీ వాళ్ళు వచ్చి చూసి జరపమని చెప్పొచ్చు. కానీ ఊళ్ళో గేదెలున్న ప్రతి ఇంటికీ కుప్ప ఉంది. ఆయనొక్కడికే నోటీసు వస్తే "పట్నం నుంచి వచ్చి రెండేళ్ళు కాలేదు, అప్పుడే మా పెంట కంపు కొట్టిందా" అని మొదలవుతుంది, మీవారి అన్నదమ్ముల వరసవాళ్ళు రెండుగా చీలతారు. పెద్దవాళ్ళిద్దరే ఉంటున్న ఇల్లు మీది, అర్ధరాత్రి ఏదైనా అయితే మొదట తలుపు తట్టేది ఆ గోడ అవతలి ఇంటినే. అన్నిటికంటే ఇబ్బంది ఇంకోటుంది. కుప్ప జరిపాక కూడా ఈగలు తగ్గకపోతే? కోళ్ళ గూడు మీది, చేపల తుక్కు మీది, రాలిన జామకాయలు మీవి. అప్పుడు ఆయన మొహం ఎలా చూస్తారు?

రెండో దారి, మాట్లాడటం. ఖాళీ చేతులతో "కుప్ప తీసెయ్యండి" అంటే వాళ్ళెక్కడికి తీస్తారు? ఏదో ఒకటి మీరు ఇవ్వాలి. కుప్ప మీద కప్పడానికి టార్పాలిన్ మీరే కొనివ్వొచ్చు, పైన కప్పి ఉంచితే లోపల వేడెక్కి పురుగు చస్తుంది, వానకి ఎరువు సారమూ కొట్టుకుపోదు, ఆ లాభం ఆయనదే. లేదా తాజా పేడ గోడ అంచున కాకుండా అవతలి చివర పడేలా, వేసిన ప్రతిసారీ మీద ఎండుగడ్డో బూడిదో చల్లేలా అడగొచ్చు. లేదా ఏటా ఓ ట్రాక్టరు పెంట మీరే కొనుక్కోవచ్చు, మీ చెట్లకి ఎలాగూ కావాలి. ఇబ్బందల్లా, సరేనని రెండు వారాలు చేసి మానేయొచ్చు, మీరు మళ్ళీ గుర్తుచేయాలి, ప్రతిసారీ నొచ్చుకోకుండా. దుక్కికి ముందు పెంట పొలానికి తోలేసి ఉంటే ఇప్పుడు కుప్ప చిన్నదిగా ఉంటుంది, చోటు మార్చమని అడగడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదు.

మూడోది, ఆయనతో ఏమీ మాట్లాడకుండా ముందు మీ వైపు బాగుచేసుకుని మూడు వారాలు చూడటం. వారం పది రోజులకో తరం అన్నాను కదా, మూడు వారాల్లో రెండు తరాలు తిరుగుతాయి, తేడా ఉంటే కనపడుతుంది. వరండాలో ఒక జిగురు అట్ట పెట్టి వారానికోసారి మార్చి ఎన్ని పడ్డాయో రాసుకోండి. (అట్ట లోపలే. తోటలో పసుపు అట్టలు కడితే ఆ గాల్లో నిలబడే మంచి ఈగలు కూడా అంటుకుంటాయి.) సగానికి పడిపోతే ఫిర్యాదు మాటే ఎత్తరు. తగ్గకపోతే అప్పుడు చినమావయ్యగారి దగ్గరికి వెళ్ళినా "మా వైపు ఇవన్నీ చేశాం, గోడ మొదట్లో ఈ గుళికలు దొరికాయి" అని చూపించి మాట్లాడొచ్చు, రైతుకి అది అర్థమవుతుంది.

నన్నడిగితే మూడోది, తర్వాత రెండోది. కానీ చినత్తయ్యగారి విషయం మాత్రం మూడు వారాలు ఆపకండి. ఈగలు ఎవరివైనా, గోడ మీద నుంచి నలుగురూ వినేలా అనడం ఆవిడకి గుచ్చుకుంది. పాలు మానేయడం పెంట గురించి కాదు, ఆ మాట గురించి. వెళ్ళి "ఆ రోజు పిల్లలు వెళ్ళిపోయిన బాధలో నోరు జారాను చినత్తయ్యా" అనండి. పెంటకుప్ప ఊసు అప్పుడు ఎత్తొద్దు. వెంటనే కరిగిపోతారని చెప్పను, ఒకటి రెండు పండగలు పట్టొచ్చు.

కోడలి గురించి మీరు ఎక్కువ రాయలేదు, కానీ ఉత్తరమంతా ఆవిడ మాటే వినపడుతోంది. ఆ అమ్మాయి మీ ఇంటిని తక్కువ చేసినట్టు మీకు అనిపించింది. ఆవిడ అన్నది "భయంగా ఉంది" అని, "రోతగా ఉంది" అని కాదు. ఒంట్లో బాగాలేని చంటిదాన్ని పెట్టుకుని భయపడిన తల్లితో "మేమంతా ఇలాగే పెరిగాం" అంటే ఉపయోగం లేదు. ఒక గదికి కిటికీలకీ తలుపుకీ మెష్ వేయించండి, భోజనం అక్కడే పెట్టండి, వరండాలో తినాలంటే ఫ్యాను కింద కూర్చోండి, గాలి వేగానికి ఈగ వాలలేదు. చేసినవి ఫోన్లో చెప్పండి, ఫొటో పంపండి, "ఎప్పుడొస్తారు" అని మాత్రం అడక్కండి. వాన పడ్డాక ఈగలు పెరిగే కాలమే కాబట్టి ఇప్పుడే రమ్మనడం కంటే సంక్రాంతికి పిలవడం తెలివైన పని. వస్తారో రారో నేను చెప్పలేను. ఈగలు కాక ఇంకేదైనా కారణం ఉంటే అది మెష్‌తో తీరదు, అది మీ అబ్బాయిని విడిగా అడిగి తెలుసుకోవాల్సింది.

చెట్లు కొట్టించి సిమెంటు చేయించడం వద్దే వద్దు. ఈగలకి కావాల్సింది తడీ కుళ్ళూ, చెట్టు కాదు. సిమెంటు చేశాక కూడా కోళ్ళు, చెత్త, కాలవ ఉంటాయి, నీడ మాత్రం పోతుంది. హైదరాబాద్ తిరిగి వెళ్ళడం మీ ఇష్టం, కానీ మీకు నిజంగా వెళ్ళాలని ఉంటే ఈగల మీద నెట్టకుండా మీవారితో అదే మాట చెప్పండి.

చివరి ప్రశ్న: పాలిథిన్ కవర్లో నీళ్ళు పోసి రూపాయి బిళ్ళ వేసి గుమ్మానికి కడితే ఈగలు రావంటారు, నిజమేనా అని. హోటళ్ళ ముందు అందరం చూస్తుంటాం, ఆ కవరు కింద బల్ల మీదే ఈగలు వాలి ఉండటమూ చూస్తుంటాం. పనిచేస్తుందని నేను నమ్మను. విప్పేసి, అదే మేకుకి తలుపు మెష్ కట్టించండి, రూపాయి కూడా మిగులుతుంది.